మానిన పాదాల లెక్క

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో ఉన్న సరుకు ఇంతే. ముప్పై అయిదేళ్ళ వయసు. వైద్యంలో రెండు పట్టాలు. పెద్దాసుపత్రిలో పాదాల పుళ్ళ విభాగంలో పక్కా ఉద్యోగం. చెప్పుల కొట్టు నడిపే భార్య. ఒక ఆలోచన.

ఆ ఆలోచన కూడా అరచేతిలో పట్టేంతదే. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకి అరికాల్లో పుండు పడితే మామూలు కట్టు కట్టి పంపేస్తారు. వాళ్ళు ఆ పుండు మీదే నడుస్తారు, నడిచినన్నాళ్ళూ అది మానదు. అలా కాకుండా ఉన్ని అదిమి చేసిన దళసరి ఫెల్టు గుడ్డని పాదం ఆకారంలో కత్తిరించి, పుండు ఉన్న చోట గుండ్రంగా కన్నం చేసి అంటిస్తే బరువు చుట్టుపక్కల పడుతుంది, పుండుకి ఊపిరాడుతుంది. నూట ఇరవై మంది రోగుల్ని తీసుకుని, సగం మందికి మామూలు కట్టు, సగం మందికి ఫెల్టు మెత్త వేసి, ఏడాది తర్వాత ఎవరెవరి పాదాలు మానాయో కొలిచి, ఆ లెక్కతో డాక్టరేటు తెచ్చుకోవాలి. గడువు ఆరేళ్ళు. బతిమాలుకుంటే ఇంకో ఏడాది.

"ఇప్పుడు మిమ్మల్ని అందరూ ఏమని పిలుస్తున్నారు?" అని అడిగింది భార్య, అట్టపెట్టెలో జత సర్దుతూ.

"డాక్టరుగారూ అని."

"ఆరేళ్ళు కష్టపడి ఈ చదువు పూర్తి చేస్తే ఏమని పిలుస్తారు?"

"డాక్టరుగారూ అనే."

"బేరం భలేగా ఉంది," అని ఆవిడ పెట్టె మూత పెట్టేసింది.

ఆవిడది తండ్రి నుంచి వచ్చిన కొట్టు. మనిషి మెట్టెక్కే తీరు చూసి కాలి కొలత చెప్పగలదు. మొగుడు చదివిన చదువుల మీద ఆవిడకి గౌరవం లేక కాదు. ఏ పని మొదలుపెట్టినా ముందు పెట్టేదెంత, వెనక్కి వచ్చేదెంత అని చూడటం ఆవిడకి ఊపిరి పీల్చినంత అలవాటు.

మొదటి ఏడాది మొత్తాన్నీ ఎథిక్స్ కమిటీ మింగేసింది. రోగుల మీద పరిశోధన చేయాలంటే ఆ కమిటీ ఒప్పుకోవాలి, రోగి సంతకం పెట్టే అంగీకార పత్రంలో ప్రతి ముక్కా వాళ్ళకి నచ్చాలి. పత్రం నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి అక్షరాలు చిన్నవన్నారు. పెద్దవి చేస్తే పేజీలు ఎక్కువయ్యాయన్నారు. అయిదోసారి "రోగి గోప్యతకు తగిన హామీ లేదు" అని ఎర్రసిరాతో రాసి పంపారు. అతనికి ఒళ్ళు మండింది. హామీ కావాలా, ఇదిగో హామీ, అని కసికొద్దీ ఒక వాక్యం చేర్చాడు: "పరిశోధన కోసం ఫోను ద్వారా గానీ, ఉత్తరం ద్వారా గానీ, మనిషిని పంపి గానీ, ఆసుపత్రి బయట మిమ్మల్ని ఏ విధంగానూ సంప్రదించము."

అంత హామీ ఎవరూ అడగలేదు. కమిటీ మాత్రం ముచ్చటపడిపోయి వారం తిరక్కుండా ముద్ర కొట్టి ఇచ్చింది. ఆ వాక్యాన్ని అతను ఇంట్లో గట్టిగా చదివి వినిపించాడు కూడా.

తర్వాత మూడేళ్ళు రోగుల్ని పోగుచేయడానికి పట్టాయి. నూట ఇరవై మంది నూట ఇరవై సంతకాలు పెట్టారు. ఏడాది నిండాక ఎప్పుడైనా సరే, మంగళవారం పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, వరండా చివరి గదికి వస్తే చాలు, పెద్ద నర్సు పాదం కొలిచి, ఫొటో తీసి, కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ గదిలో, ఆ నర్సు చేతిమీదుగా కొలిచిందే లెక్క. అది కూడా అతను రాసుకున్న నియమమే.

మంగళవారాలు గడిచాయి. నూట ఇరవైకి యాభై ఎనిమిది మంది వచ్చారు. ఆ వచ్చినవాళ్ళలో ఇంచుమించు సగం మంది పుండు తగ్గనివాళ్ళే. మిగతావాళ్ళ జాడ లేదు.

అతని పరిశోధనకి గైడుగా ఉన్న ప్రొఫెసరుని అందరూ పెద్దసారు అనేవారు. ఆయన, తన చేతికిచ్చిన కాగితాల్లో తొమ్మిది పేజీలు చదివి, పదో పేజీ నుంచి నమ్మకం మీద సంతకం పెట్టే మనిషి. లెక్క చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటయ్యా? నీ ఫెల్టు మెత్త వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే అన్నట్టుంది."

"మానినవాళ్ళు రాలేదండి."

"రాకపోతే మానారని నీకెవరు చెప్పారు?"

పెద్దసారు కాగితాలు వెనక్కి తోశాడు.

"నూటికి ఎనభై మందిని చూడకుండా ఏ పరీక్షకుడూ నీ థీసిస్ ముట్టుకోడు. నూట ఇరవైకి తొంభై ఆరు. ఎలా తెస్తావో తీసుకురా. బతిమాలి తెచ్చుకున్న ఏడాదితో కలిపి ఉన్న గడువు నాలుగు నెలలు. ఆ పైన రిజిస్ట్రేషన్ రద్దు."

కిందికి వచ్చి పెద్ద నర్సుతో చెప్పుకున్నాడు. ఆవిడ పళ్ళెంలో కత్తెరలు సర్దుతూ తల కూడా ఎత్తలేదు.

"తగ్గినవాడు ఎందుకొస్తాడు సార్? పొద్దున్న ఎనిమిదింటికి వాడు పన్లో ఉంటాడు. పని చేసుకోవడానికేగా మనం వాడి కాలు బాగుచేసింది? మంచంలో ఉన్నవాడికే తీరిక. వాణ్ణి ఎవరో ఒకరు మోసుకొస్తారు."

"మరి నాకీ మాట మొదట్లోనే చెప్పొచ్చుగా!"

"మీరు అడిగితేగా."

కమిటీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు. సన్నటి మనిషి, ఎంత కోపం వచ్చినా మర్యాద తప్పనివాడు. అంగీకార పత్రంలో ఒక్క వాక్యం తీసేయాలని అతను విన్నవించుకున్నాడు.

"తప్పకుండా," అన్నాడు కార్యదర్శి. "మార్చిన పత్రం మీద ఆ రోగులందరి చేతా మళ్ళీ సంతకాలు పెట్టించండి."

"సంతకాలు పెట్టించాలంటే వాళ్ళని కలవాలి కదండీ."

"కలవండి."

"కలవకూడదని రాశాను కదండీ."

"అవునండీ. రాశారు," అని కార్యదర్శి నిట్టూర్చాడు, ఆ బాధ తనదే అయినట్టు. "వాళ్ళంతట వాళ్ళు మీ దగ్గర ఆ మాట ఎత్తితే జవాబు చెప్పొచ్చు. మీరుగా ఎత్తకూడదు."

ఇంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకోటుంది. అతను రోజూ ఆసుపత్రికి వెళ్ళే బస్సు నడిపేది నలభై ఒకటో నంబరు రోగి. అరికాలి మధ్యలో గోళీకాయంత పుండుతో వచ్చిన మనిషి. ఫెల్టు మెత్త వేసి పంపితే మూడు నెలల్లో ఉద్యోగంలో చేరిపోయాడు. మంగళవారం ఎనిమిదింటికి ఆ డ్రైవరు ఎక్కడుంటాడు? సరిగ్గా ఆసుపత్రి ముందే ఉంటాడు, బస్సులో, బ్రేకు మీద కాలేసి. ఆ బ్రేకు మీద ఉన్న కాలే తనకి కావలసిన కాలు. రోజుకి రెండుసార్లు కళ్ళారా చూస్తున్నాడు. చూసింది లెక్కలోకి రాదు.

ఇంటికొచ్చి ఇదంతా వెళ్ళగక్కితే భార్య కాసేపు విని, "తగ్గినవాళ్ళు మీ దగ్గరికెందుకు వస్తారు? నా దగ్గరికి వస్తారు," అంది.

"నీ దగ్గరికా?"

"కాలు బాగుపడ్డవాడు ముందు చేసే పని కొత్త చెప్పులు కొనుక్కోవడం. పోయిన నెల్లోనే ఎంతమంది వచ్చారనుకున్నారు! అరికాల్లో గుండ్రటి మచ్చ. ఆ సందు చివర రాతిపని చేసే ఆయన..."

"ఆగాగు! చెప్పకు! నేను వినకూడదు," అని అతను చెవులు మూసుకున్నాడు. "నువ్వు నా మనిషివి. నీ ద్వారా విన్నా సంప్రదించినట్టే."

ఆవిడ అతని వంక, అద్దాల బీరువాలో ఎడమకాలి చెప్పు పక్కన మరో ఎడమకాలి చెప్పు పెట్టిన పనివాడి వంక చూసినట్టు చూసింది.

"సంప్రదించను అని రాశారు. బోర్డు పెట్టను అని రాశారా?"

అతను చేతులు దించాడు.

"ఊరందరికీ కనబడేలా ఒక కాగితం అంటించండి. పాదాలు చూస్తాం రండి అని. మంగళవారం కాదు, ఆదివారం. ఎవరికి వాళ్ళు చదువుకుంటారు, ఎవరికి వాళ్ళు వస్తారు. నేను కొత్త సరుకు వచ్చినప్పుడు ఇంటింటికీ వెళ్ళి చెప్తున్నానా?"

అందరికీ ఒకేసారి చెప్పేది ఒక మనిషిని సంప్రదించడం కిందికి రాదని కమిటీ ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి పది వారాలు తీసుకుంది. ఆ పది వారాలూ కాగితంలో ఉండాల్సిన మాటల మీద కుస్తీ. "పుండు మానినవారు" అని రాస్తే మానినవాళ్ళనే ఏరి పిలిచినట్టవుతుంది, అది మోసం. ఆ మాట నిజమే కాబట్టి అతను తల వంచాడు. "ఉచిత" అంటే ఆశ చూపినట్టట. "దయచేసి" అంటే ఒత్తిడి చేసినట్టట. ఆరోసారికి మిగిలింది ఇది: "అరికాలి పుండుకు పెద్దాసుపత్రిలో ఎప్పుడైనా వైద్యం చేయించుకున్నవారందరికీ వచ్చే నాలుగు ఆదివారాలు పాదాల పరీక్ష." దాన్ని ఆసుపత్రి గేటుకీ, బస్సు డిపో గోడకీ, సంత వీధిలో కరెంటు స్తంభాలకీ, చెప్పుల కొట్టు అద్దానికీ అంటించారు.

మొదటి ఆదివారం తొమ్మిదింటికల్లా వరండాలో బెంచీలు చాల్లేదు. ఉత్తరాలు పంచే ఆయన వచ్చాడు. బడిలో గంట కొట్టే ఆవిడ వచ్చింది. రాతిపని ఆయన కొత్త చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని మరీ కూర్చున్నాడు.

"తగ్గిపోయిందిగా డాక్టరుగారూ, ఇంకా ఏం చూస్తారు?" అన్నాడు.

"తగ్గింది కాబట్టే చూస్తాను. ఏదీ, చాపు."

"మీరు తప్ప ఇంకెవరూ బాగున్న కాలుని ఇంత ప్రేమగా చూడరు సార్."

బడిలో గంట కొట్టే ఆవిడ మరీ ఘాటుగా అందుకుంది. "ఏడాది తర్వాత రమ్మన్నావు, వచ్చాను నాయనా. మంగళవారం వచ్చాను, పదింబావుకి వచ్చాను. తలుపేసుంది. బడికి రెండో గంట కొట్టి పరిగెత్తుకొచ్చినదాన్ని, పదింబావుకి కాక ఎప్పుడొస్తాను?"

పెద్ద నర్సు అతని వైపు చూడకుండా పాదం కొలుస్తూ నవ్వు ఆపుకుంది.

నాలుగు ఆదివారాల్లో ముప్పై ఏడు మంది వచ్చారు. యాభై ఎనిమిదికి ముప్పై ఏడు కలిపితే తొంభై అయిదు. మూడుసార్లు కలిపాడు. తొంభై అయిదే. ఒకటి తక్కువ.

నలభై ఒకటో నంబరుకి ఆదివారం కూడా డ్యూటీ. ఇక గడువు పదకొండు రోజులు. వరండా చివరి గది తలుపు ఏ రోజయినా తీసి ఉంచడానికి పెద్ద నర్సు సిద్ధమే. అతను మాత్రం రోజూ బస్సులో డ్రైవరు వెనక సీటు పట్టుకుని కూర్చునేవాడు. ఒక్కసారి, ఒక్కసారి ఆ మనిషి తన కాలి మాట తను ఎత్తితే చాలు.

డ్రైవరుకి మాటలకి కొదవలేదు. కొత్త రోడ్డు గురించి మాట్లాడేవాడు. అల్లుడు చేసే ఉద్యోగం గురించి మాట్లాడేవాడు. మోకాలి నొప్పికి మందు అడిగేవాడు, అది కూడా వాళ్ళావిడ మోకాలికి. అరికాలి ఊసు లేదు. మానిన పుండుని మనిషి ఎంత శుభ్రంగా మరిచిపోతాడో అతనికి అప్పుడు తెలిసింది.

"ఏంటి డాక్టరుగారూ, రోజురోజుకీ చిక్కిపోతున్నారు?" అన్నాడు డ్రైవరు ఒకరోజు అద్దంలోంచి చూస్తూ.

"పని. లెక్క సరిపోవట్లేదు."

"ఎంత తేడా?"

"ఒకటి." అతను ముందుకి వంగాడు. ఎందులో ఒకటి అని అడుగు బాబూ, అడుగు.

"ఒకటేనా!" డ్రైవరు పకపకా నవ్వాడు. "ఒకటికి ఇంత దిగులా సార్? మా డిపోలో రోజూ నాలుగైదు తేడా వస్తాయి, ఎవడూ పట్టించుకోడు. వదిలెయ్యండి. దిగండి, మీ స్టాపు వచ్చింది."

బ్రేకు పడింది. దివ్యంగా పడింది.

గడువుకి రెండు రోజులుందనగా పెద్దసారు పిలిపించాడు.

"ఆ డ్రైవరుని రోజూ చూస్తున్నావా, లేదా?"

"చూస్తున్నానండి."

"కాలు బాగుందా, లేదా?"

"బస్సు ఆగుతోందండి."

"మరింకేం? మానింది అని రాసెయ్. అబద్ధం కాదుగా. పెద్ద నర్సు చేత ఒక సంతకం పెట్టించు, నేను ఒక సంతకం పెడతాను, అందరం ఇళ్ళకి పోదాం."

అతను కాగితం ముందుకి లాక్కున్నాడు. నలభై ఒకటి అన్న గడి ఖాళీగా ఉంది. అది నింపడానికి ఒక్క నిమిషం కూడా అక్కర్లేదు. అది నిండకపోతే ఏడేళ్ళు నీళ్ళపాలు. అందులో అబద్ధం లేదన్న మాటా నిజమే. ఆ కాలు మానిందని అతనికి ఎంత తెలుసో దేవుడికి కూడా అంత తెలియదు. కానీ కొలవని పాదం ఒకటి కొలిచిన పాదాల మధ్య కూర్చుంటే, రేపు ఎవరైనా ఏదో ఒక గడి మీద వేలు పెట్టి ఇది కొలిచారా అని అడిగితే, మిగతా తొంభై అయిదింటికీ ఏ మొహంతో జవాబు చెప్పాలి? పది వారాలు కమిటీతో మాట మాటకీ కొట్లాడింది ఇందుకా?

"రాయనండి," అన్నాడు.

"రాయవా?"

"కొలవలేదండి."

"అయితే ఇంకో ఏడేళ్ళు కూర్చో," అని పెద్దసారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఈసారి ఇంకో గైడుని చూసుకో. నాకు ఓపిక లేదు."

అతను ఇంటికి పోలేదు, నేరుగా కొట్టుకి వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాడు. భార్య సరుకు సరిచూసుకుంటోంది. వేలితో పెట్టెలు లెక్కపెడుతూనే అంతా వింది.

"తొంభై ఆరు ఎక్కణ్ణించి వచ్చింది?"

"నూట ఇరవైలో ఎనభై శాతం."

"ఆ నూట ఇరవై మందీ ఉన్నారా?"

"ఉన్నారా అంటే?"

"బతికున్నారా అని."

"ఏడాది నిండకుండానే ఇద్దరు మా ఆసుపత్రిలోనే పోయారు. ఒకాయనకి గుండెపోటు. ఇంకొకావిడకి నిమోనియా."

"పోయినవాళ్ళని కూడా ఆదివారం రమ్మన్నారా?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి, సంచిలోంచి ఏడేళ్ళ కిందట తను రాసి కమిటీకిచ్చిన పథకం తీశాడు. ముప్పై ఒకటో పేజీలో, తన మాటల్లోనే, ఉంది: "ఏడాది తర్వాత బతికి ఉన్న రోగుల్లో కనీసం ఎనభై శాతం మందిని పరీక్షించాలి." కింద పెద్దసారు సంతకం ఉంది.

నూట పద్దెనిమిదిలో ఎనభై శాతం. భార్య చెప్పుల పెట్టె మీద వేసి చూపించింది. తొంభై నాలుగూ చిల్లర. పైకి సరిచేస్తే తొంభై అయిదు.

తొంభై అయిదు అతని దగ్గర తొమ్మిది రోజుల నుంచీ ఉంది. ఆ తొమ్మిది రోజులూ బస్సులో డ్రైవరు వెనక సీటు కోసం జనాన్ని తోసుకుంటూ ఎక్కాడు. వాళ్ళావిడ మోకాలికి మూడు రకాల మందులు రాసిచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరూ చూడలేదా?" అంది భార్య.

"ముప్పై ఒకటో పేజీ కదా."

"మీరు రాసిందేగా?"

అతను ఆ పేజీ అంచు మడిచాడు. ఎవరి మీద అరవాలో తెలియనప్పుడు మనిషికి వచ్చే కోపం అన్నిటికన్నా చెడ్డది. తిరగేసి చూస్తే అన్ని కాగితాల మీదా ఉన్నది తన చేతిరాతే.

మర్నాడు ఆ పేజీ తీసుకెళ్ళి పెద్దసారు ముందు పెట్టాడు. ఆయన తన సంతకాన్ని తనే కొత్తగా చూసినట్టు కాసేపు చూసి, "ఔను, ఇలాగే ఉండాలి. నేను మొదట్నించీ అదే అంటున్నాను," అన్నాడు. థీసిస్ శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి, యూనివర్సిటీ ఆఫీసు కిటికీ మూసే అరగంట ముందు, గుమాస్తా చేతిలో పడింది. నలభై ఒకటో గడిలో "చూడలేదు" అని ఉంది.

వైవాకి ఇంకో ఏడు నెలలు పట్టింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులిద్దరూ అంకెలు ముందు పెట్టుకున్నారు. ఫెల్టు మెత్త వేసినవాళ్ళలో నలభై ఎనిమిది మందిని చూస్తే ముప్పై ఏడు పాదాలు మానాయి. మామూలు కట్టులో నలభై ఏడు మందికి ఇరవై ఎనిమిది. తేడా ఉంది. కానీ ఆ తేడా మెత్త వల్లే వచ్చిందని, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి గణితం ఒప్పుకోలేదు. వెంట్రుకవాసిలో తప్పిపోయింది.

"ఆ నలభై ఒకటి కూడా ఉంటే?" అన్నాడు పెద్ద పరీక్షకుడు, కుతూహలం కొద్దీ.

"వేసి చూశానండి. అప్పుడూ ఒప్పుకోదు."

పరీక్షకుడు చాలాసేపు నవ్వి, పట్టా ఇవ్వవచ్చని రాశాడు. కింద ఇంకో వాక్యం కూడా రాశాడు: ఫలితం ఆశాజనకంగా ఉంది, తేల్చి చెప్పాలంటే ఇంకా పెద్ద పరిశోధన అవసరం.

చివరికి తేలిన లెక్క ఇది. పోయినవి ఏడేళ్ళ ఏడు నెలలు, నడినెత్తి మీద జుట్టు, పెద్దసారు మీద గౌరవం కొంత. వచ్చినవి ఒక పట్టా, సగం రుజువైన ఒక మెత్త, ఇంకా పెద్ద పరిశోధన చేయమన్న సలహా. ఆ సలహా మాట ఎత్తితే ఇంట్లో ఎవరూ పలకరు.

ఇంకొకటి కూడా వచ్చింది, అది ఏ పద్దు కింద రాయాలో అతనికి తెలియలేదు. పుళ్ళ విభాగంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. అంతకాలమూ ఆ గదిలోకి వచ్చేది తగ్గనివాళ్ళే కాబట్టి, పాదాలు మానడం అరుదని, తను చేసే పని ఇసుకలో నీళ్ళు పోయడమని లోలోపల అనుకుంటూ వచ్చాడు. ఆ నాలుగు ఆదివారాల్లో వచ్చిన ముప్పై ఏడు పాదాల్లో ముప్పై అయిదు మానిన పాదాలు. అవన్నీ అదే ఊళ్ళో, అతని చుట్టూనే, ఇన్నాళ్ళూ తిరుగుతూ ఉన్నాయి.